బడి ఖర్చు, బడి మనుషులు బడి చేతిలో ఉండాలి: పాఠశాల విద్యాశాఖకు, ఆర్థిక శాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ ప్రభుత్వ పాఠశాల విద్యాశాఖ, ఆర్థిక శాఖ ఉన్నతాధికారులకు నమస్కారం.

జూన్ 12న బడులు తెరిచే పొద్దున ప్రతి ప్రధానోపాధ్యాయుడి (హెచ్‌ఎం) ముందూ రెండు లెక్కలుంటాయి. చేతిలో డబ్బెంత? పాఠం చెప్పేవాళ్లు ఎందరు? మొదటిదానికి జవాబు హైదరాబాద్‌లో, రెండోదానికి జిల్లా కేంద్రంలో ఉంటుంది. ఏది ఎప్పుడు వస్తుందో చెప్పగలిగినవాళ్లు బడిలో ఒక్కరూ ఉండరు. ప్రభుత్వ, జిల్లా పరిషత్ పాఠశాలల్లో ప్రధానోపాధ్యాయులుగా, యాజమాన్య కమిటీ సభ్యులుగా పనిచేస్తున్న మేము ఈ లేఖలో అడుగుతున్నది పెద్ద స్వయంప్రతిపత్తి కాదు. చిన్న ఖర్చు మీద, చిన్న కాలానికి అవసరమయ్యే మనుషుల మీద నిర్ణయం బడికి వదలండి. మిగతాది ఇప్పుడు ఎక్కడుందో అక్కడే ఉండనివ్వండి.

ముందు డబ్బు సంగతి. కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి పథకం సమగ్ర శిక్ష కింద, బడి చిల్లర ఖర్చులన్నిటికీ కలిపి వచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది వరకు ఉన్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు. 31 నుంచి 100 వరకు 25,000. 250 వరకు 50,000. 1000 వరకు 75,000. ఆపైన లక్ష. ఇందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికి పెట్టాలి. రిజిస్టర్లు, సుద్దముక్కలు, బల్బులు, పరీక్ష పేపర్ల జిరాక్సు, ఇంటర్నెట్, ఆగస్టు 15, జనవరి 26, విరిగిన తలుపు గొళ్లెం, కారుతున్న కుళాయి, అన్నీ ఇందులోంచే. చాలా ఏళ్లలో తొలి విడత అందేసరికి దసరా దాటుతుంది, రెండో విడత మార్చిలో వస్తుంది. 31వ తేదీలోగా వాడకపోతే లిమిట్, అంటే బడికి ఇచ్చిన ఖర్చు పరిమితి, వెనక్కి పోతుంది. జూన్‌లో కావలసిన చాక్‌పీసుకు డబ్బు మార్చిలో వస్తే ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. ఎవరికీ అవసరం లేని స్టేషనరీ బిల్లులు ఆఖరి వారంలో ఒకే షాపు నుంచి పుడతాయి. ఆడిట్‌లో పట్టుబడేది ఆ బిల్లు. దాన్ని పుట్టించిన ఆలస్యాన్ని మాత్రం ఎవరూ ఆడిట్ చేయరు.

ఒక్క బోరు మోటారు చెడిపోతే ఏమవుతుందో దగ్గరనుంచి చూడండి. వేసవిలో నీటిమట్టం కిందికి పోతుంది. జూన్‌లో స్విచ్ వేయగానే మోటారు నీళ్లందక ఒట్టిగా తిరిగి వేడెక్కుతుంది. లేదంటే లో వోల్టేజీకి వైండింగ్ కాలిపోతుంది. చాలా బడుల్లో స్టార్టర్ బోర్డుకు డ్రై రన్ రక్షణ ఉండదు, కెపాసిటర్ ఉబ్బినా మార్చేవాళ్లుండరు. ఒక హెచ్‌పీ మోటారును పైకి లాగి, రీవైండింగ్ చేయించి, తెగిన కేబుల్ ముక్క మార్చి మళ్లీ దించడానికి ఊరిని బట్టి నాలుగు నుంచి ఏడు వేలు అవుతుంది. మెకానిక్ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉంటాడు. రెండు రోజుల పని. కానీ లాగడానికి వచ్చిన కూలీలకు ఆ సాయంత్రమే డబ్బివ్వాలి.

ఇప్పుడు ఆ డబ్బు ఇచ్చే దారి ఇది. మెకానిక్‌ను పీఎఫ్‌ఎంఎస్‌లో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలో, వెండార్‌గా ఎక్కించాలి. పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు పెట్టి బ్యాంకు ధ్రువీకరణ కోసం ఆగాలి. ఖాతాలో ఇంటిపేరు ముందుండి, మనం వెనక రాస్తే తిరస్కరణ వస్తుంది. తర్వాత మేకర్ లాగిన్‌లో బిల్లు పెట్టాలి, చెకర్ లాగిన్‌లో ఆమోదించాలి, పేమెంట్ అడ్వైస్ ప్రింట్ తీసి సంతకాలు చేయించి బ్యాంకులో ఇవ్వాలి. గడువు దాటితే ఆ కాగితం చెల్లదు, మళ్లీ మొదటి నుంచి రావాలి. సంతకం చేయాల్సిన కమిటీ చైర్‌పర్సన్ కూలికి పోయే తల్లి అయితే ఆ రోజు కూలి ఆమెకు పోయినట్టే. ఇదంతా లిమిట్ ఉన్నప్పటి మాట. జూన్‌లో లిమిట్ సున్నా.

అందుకని హెచ్‌ఎం తన జేబులోంచి ఇస్తారు. నాలుగు నెలలకు గ్రాంటు వచ్చాక, వెండార్‌గా నమోదైన ఏ హార్డ్‌వేర్ షాపు పేరుతోనో బిల్లు తెచ్చి ఆ డబ్బు రాబట్టుకుంటారు. నిజంగా జరిగిన పనికి నిజం కాని బిల్లు. నిజాయితీగా పనిచేసే మనిషి చేత అబద్ధం రాయిస్తున్న పద్ధతిని మార్చమనే మేము అడుగుతున్నాం. జేబులోంచి పెట్టుకోలేని, లేదా పెట్టుకోవడం ఇష్టం లేని హెచ్‌ఎం ఉన్నచోట మోటారు అలాగే ఉంటుంది. నీళ్లు లేక మరుగుదొడ్లకు తాళం పడుతుంది. ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలు పొద్దుట్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు, నెలలో ఆ నాలుగు రోజులు బడికే రారు. ఐదు వేల రూపాయల రిపేరుకు పడుతున్న వెల ఇది.

ఒక పథకం డబ్బంతా రాష్ట్రంలో ఒకే ఖాతాలో ఉంచే సింగిల్ నోడల్ ఖాతా పద్ధతిని కేంద్ర ఆర్థిక శాఖ 2021లో ఎందుకు తెచ్చిందో మాకు తెలుసు. లక్షల ఖాతాల్లో డబ్బు ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉండేది, ఎక్కడెంత ఉందో ప్రభుత్వానికే తెలిసేది కాదు. ఆ ఉద్దేశాన్ని కాదనడం లేదు. కానీ అదే కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 154వ నియమంలో, అప్పట్లో 25,000 రూపాయల వరకు వస్తువును కొటేషన్లు లేకుండా అధికారి ధ్రువీకరణ మీదే కొనవచ్చని చెప్పింది. దానికి తోడు మన ట్రెజరీ పద్ధతిలో ఏళ్లుగా పర్మనెంట్ అడ్వాన్స్ అనేది ఉంది. ఆఫీసులో కొంత నగదు ఉంచి, ఖర్చయ్యాక బిల్లులు పెట్టి మళ్లీ నింపుకునే ఏర్పాటు. దాన్నే ప్రతి బడికీ ఇవ్వండి. ప్రాథమిక పాఠశాలకు 5,000, ఉన్నత పాఠశాలకు 15,000. ఒక్క ఖర్చు 3,000 దాటితే కమిటీ తీర్మానం ఉండాలి, ఆలోపు హెచ్‌ఎం సంతకం చాలు. మెకానిక్ చేత రసీదు రాయించి, పాత వైండింగ్ ఫొటో, కొత్త వైండింగ్ ఫొటో జతచేస్తే చాలు. మార్చి 31న ఈ అడ్వాన్స్ వెనక్కి పోకూడదు.

గ్రాంటు శ్లాబుల్లో ఇంకో చిక్కుంది. 31 మంది పిల్లలున్న బడిలోంచి ఒక కుటుంబం వలసపోయి ఒక పిల్లాడు తగ్గితే గ్రాంటు 25,000 నుంచి 10,000కు పడిపోతుంది. బోరు అదే, గదులు అవే, మరుగుదొడ్లు అవే, గేటు తాళం కూడా అదే. బడికయ్యే ఖర్చులో పెద్ద భాగం పిల్లల సంఖ్యతో సంబంధం లేనిది. అందుకే ప్రతి బడికీ 15,000 మూలమొత్తం, దాని మీద పిల్లకు 150 రూపాయల చొప్పున కలిపి ఇవ్వమంటున్నాం. 28 మంది ఉంటే 19,200 అవుతుంది. 70 మంది ఉంటే 25,500, 240 మందికి 51,000, 400 మందికి 75,000. 30 మంది వరకు ఉన్న చిన్న బడులకు ఇప్పటికంటే బాగా పెరుగుతుంది. 31 నుంచి 66 మంది, 101 నుంచి 233 మంది, 251 నుంచి 399 మంది ఉన్న బడులకు మాత్రం ఈ సూత్రంలో తగ్గుతుంది. వాటికి ఇప్పుడు వచ్చేదానికంటే తక్కువ కాకుండా కొన్నేళ్లు కాపాడాలి. కేంద్రం శ్లాబులు మార్చదనుకుంటే, తేడా మొత్తాన్ని రాష్ట్ర బడ్జెట్‌లోంచి కలపండి. సగం జూన్ మొదటి వారంలో, సగం నవంబరులో.

ఇంకొకటి. గ్రాంటు బడిదే అంటూనే దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో పైనుంచి ఉత్తర్వులు వస్తుంటాయి. ఫలానా ఫ్లెక్సీ కట్టండి, ఫలానా పోస్టరు అచ్చు వేయించండి, ఫలానా రిజిస్టరు కొనండి. కొన్నిచోట్ల షాపు పేరు కూడా నోటిమాటగా వస్తుంది. పది వేల గ్రాంటులో ఇలాంటివి రెండు మూడు పోతే మిగిలేది ఏమిటి? కాంపోజిట్ గ్రాంటు నుంచి ఏ కొనుగోలునూ పై కార్యాలయం ఆదేశించకూడదని ఒక్క వాక్యం ఉత్తర్వులో చేర్చండి. శాఖకు పోస్టరు కావాలంటే శాఖే అచ్చు వేయించి పంపాలి.

బడికి డబ్బిస్తే చదువు బాగుపడుతుందా అని ఆర్థిక శాఖ తప్పకుండా అడుగుతుంది. దీనికి మన నేల మీదే జరిగిన పరిశోధన ఉంది. 2005లో మొదలుపెట్టి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌ల బృందం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో, కోస్తా, రాయలసీమ, తెలంగాణ మూడింటి నుంచీ, 500 ప్రభుత్వ గ్రామీణ ప్రాథమిక పాఠశాలలను లాటరీ పద్ధతిలో ఐదు గుంపులు చేసింది. ఒక వంద బడులకు పిల్లల సామగ్రి కోసం గ్రాంటు ఇచ్చారు. ఇంకో వందకు ఒక్కో అదనపు కాంట్రాక్టు టీచరును ఇచ్చారు. గ్రాంటు అనుకోకుండా అందిన మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది ఆ మేలు కనిపించలేదు. బడి ఎలాగూ ఇస్తుందని తెలిసి తల్లిదండ్రులు పుస్తకాలు, పెన్నుల మీద తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. దీన్ని చూపి గ్రాంటు దండగ అనేవాళ్లున్నారు. మేము అందులో చూసేది వేరు. ఇంటివాళ్లు కొనగలిగినదాన్ని బడి కొంటే కుటుంబానికి ఊరట దక్కుతుంది గానీ చదువుకు అదనంగా చేరేది తక్కువ. ఏ ఇంటివాళ్లూ కొనలేనివి ఉన్నాయి: బోరు నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, సెలవులో ఉన్న టీచరు బదులు పాఠం చెప్పే మనిషి. బడి చేతిలో డబ్బు వీటికే కావాలి. ఆ పరిశోధనలోనే, అదనపు కాంట్రాక్టు టీచరున్న బడుల పిల్లలు రెండేళ్ల తర్వాత లెక్కల్లోనూ భాషలోనూ మిగతా బడుల పిల్లలకంటే స్పష్టంగా ముందున్నారు.

మనుషుల విషయంలోకి వస్తాం. ఈ లేఖలో అసలు సంగతి ఇదే.

ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల లెక్క తీయండి. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి ఐదు వరకు నాలుగేసి. మొత్తం 18 సబ్జెక్టులు, ఐదు తరగతులు, ఇద్దరు మనుషులు. ఆ ఇద్దరిలోనే ఒకరు హెచ్‌ఎం పని చూడాలి, మధ్యాహ్న భోజనం లెక్క రాయాలి, ముఖ గుర్తింపు హాజరు వేయాలి, యూడైస్ (బడుల వివరాల జాతీయ లెక్క), అపార్ (పిల్లల గుర్తింపు సంఖ్య) వివరాలు ఎక్కించాలి. ప్రాథమిక పాఠశాలకు గుమాస్తా ఉండరు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది వరకు ఇద్దరు టీచర్లు. కాగితం మీద ఆ బడికి ఏ లోటూ లేదు. ఒకరు సెలవు పెట్టిన రోజు మాత్రం ఐదు తరగతులూ ఒకే గదిలో కూర్చుంటాయి.

టీచర్లు సెలవు పెట్టడం తప్పు కాదు. ఏడాదికి 22 క్యాజువల్ సెలవులు, మహిళలకు మరో ఐదు వాళ్ల హక్కు. ప్రసూతి సెలవు 180 రోజులు. శిశు సంరక్షణ సెలవు 90 రోజులు, విడతకు 15 రోజులకు మించకుండా. మన ప్రాథమిక బడుల్లో మహిళా టీచర్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఒక టీచరు ప్రసూతి సెలవు మీద వెళ్తే ఆదివారాలు, పండగలు తీసేసినా నూటికి పైగా పనిదినాలు ఆ స్థానం ఖాళీ. ఒకటో తరగతిలో అక్షరాలు నేర్వాల్సిన పిల్లలకు ఆ ఏడాది మళ్లీ రాదు. ఇంత ముందుగా, తేదీతో సహా తెలిసే ఖాళీకి కూడా మన దగ్గర బదులు ఏర్పాటు లేకపోవడం బాధాకరం. ఇప్పుడున్న దారల్లా పక్క బడి నుంచి ఒకరిని పని సర్దుబాటు కింద లాగడమే. అప్పుడు ఖాళీ పోదు, ఊరు మారుతుంది. దీనికి ఇంకో చేటు కూడా ఉంది. సెలవు అడగబోయే టీచరు తోటి టీచరు ముందు నేరస్థురాలిలా నిలబడాల్సి వస్తోంది.

మేము కోరుతున్న ఏర్పాటు ఇది. ప్రతి స్కూల్ కాంప్లెక్స్‌లో, అంటే దగ్గరదగ్గర బడుల సముదాయంలో, మే నెలలో బదులు టీచర్ల జాబితా తయారుచేయాలి. డీఈడీ లేదా బీఈడీ చేసి టెట్ పాసై ఉండాలి, ఆ మండలంలోనో పక్క మండలంలోనో ఉంటూ ఉండాలి. టెట్ మార్కులకు సగం, 20 నిమిషాల పాఠానికి సగం వెయిటేజీ. ఆ పాఠాన్ని నిజమైన పిల్లల ముందు చెప్పించాలి. చూసేవాళ్లు కాంప్లెక్స్ హెచ్‌ఎం, వేరే కాంప్లెక్స్ నుంచి ఒక టీచరు, ఒక తల్లి. జాబితాను మార్కులతో సహా గోడకు అంటించాలి. ఏ టీచరైనా వరసగా ఐదు పనిదినాలకు మించి సెలవులో ఉంటే, హెచ్‌ఎం ఆ జాబితాలో పైనున్నవారిని పిలిచి పనిలోకి తీసుకోవచ్చు. జిల్లా విద్యాధికారి (డీఈఓ) అనుమతి అక్కర్లేదు, సమాచారం ఇస్తే చాలు. ప్రసూతి సెలవు లాంటి ముందే తెలిసినవాటికి మొదటి రోజునుంచే.

జీతం రోజుకు 800కు తగ్గకూడదు. నెలకు 22 పనిదినాలైతే 17,600 అవుతుంది. ప్రాథమిక బడిలో చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్‌జీటీ) మూలవేతనం మొదలయ్యేది 31,040 దగ్గర, అంటే అందులో సగం కంటే కొంచెం ఎక్కువ. ఇది తక్కువేనని మాకు తెలుసు. అంతకంటే తగ్గిస్తే చదువుకున్నవాళ్లు రారు, వచ్చినా రెండో నెలలో ప్రైవేటు బడికి పోతారు. 120 రోజుల ప్రసూతి ఖాళీకి అయ్యే ఖర్చు 96,000 రూపాయలు. ఒక తరగతి పిల్లల ఏడాది చదువుకు ఇది పెద్ద మొత్తమా?

ఖాళీల్లో తాత్కాలిక టీచర్లను పెట్టిన విద్యా వలంటీర్ల పథకం ఎక్కడ చెడిందో మరిచిపోయి ఈ మాట అనడం లేదు. 2020లో కరోనాతో ఆగిపోయేనాటికి వాళ్లకు నెలకు 12,000 ఇచ్చేవారు, అదీ నెలల తరబడి బకాయి పడేది. కొన్నిచోట్ల ఎంపికలో ఊరి పెద్దల బంధువులు ముందుండేవారు. అన్నిటికంటే పెద్ద దెబ్బ, రెగ్యులర్ పోస్టులు నింపకుండా వలంటీర్లతో ఏళ్లు నెట్టుకురావడం. పశ్చిమ కెన్యాలో ఇలాంటి అదనపు టీచర్ల పథకం పెట్టినప్పుడూ చెప్పుకోదగ్గ సంఖ్యలో పోస్టులు పర్మనెంట్ టీచర్ల బంధువులకు దక్కాయి. తల్లిదండ్రుల కమిటీకి ఎంపిక ఎలా చేయాలో, హాజరు ఎలా చూడాలో శిక్షణ ఇచ్చిన బడుల్లో ఆ ధోరణి తగ్గింది. కాబట్టి నియమాలు ముందే రాసిపెట్టాలి. బడి సిబ్బంది, కమిటీ సభ్యులు, ఊరి ప్రజాప్రతినిధుల దగ్గరి బంధువును ఆ బడిలో పెట్టుకోకూడదు. ప్రతి బదులు టీచరూ సెలవులో ఉన్న ఒక టీచరు ఉద్యోగి ఐడీకి ముడిపడి ఉండాలి, ఆ టీచరు తిరిగి చేరిన రోజున పని ముగియాలి. ఖాళీ పోస్టులో పెట్టుకుంటే ఆ ఖాళీ డీఎస్సీ లెక్కలోంచి పోకూడదు. విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఏ బడిలోనూ ఖాళీలు మంజూరైన పోస్టుల్లో పదో వంతు దాటకూడదు. బదులు టీచరున్నారని చెప్పి ఆ బాధ్యతనుంచి ప్రభుత్వం తప్పుకోకూడదు. జీతం నెల 5వ తేదీలోగా పడాలి. దానికి మూడు నెలల మొత్తాన్ని కాంప్లెక్స్ ఖాతాలో ముందే ఉంచాలి.

ఇది ఎక్కడా లేనిదేమీ కాదు. కేరళ ప్రభుత్వ బడుల్లో సెలవు ఖాళీలకు బడిలోనే ఇంటర్వ్యూ పెట్టి రోజువారీ వేతనం మీద టీచర్లను తీసుకుంటారు. ఢిల్లీలో భవనం, నీళ్లు, కరెంటు, పారిశుద్ధ్యం చూసుకోవడానికి ఎస్టేట్ మేనేజర్లను పెట్టి ప్రిన్సిపాళ్లకు చదువు మీద దృష్టి పెట్టే వెసులుబాటు ఇచ్చారు. మన రాష్ట్రంలోనే 2024లో పారిశుద్ధ్య పనికి పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3,000 నుంచి 20,000 వరకు ఇచ్చి, మనిషిని స్థానికంగానే పెట్టుకోమన్నారు. డబ్బు సమయానికి పడిన నెలల్లో ఆ ఏర్పాటు బాగానే నడుస్తోంది. ఆలస్యమైతే పనిచేసే ఆమె కూలికి వెళ్లిపోతుంది, మళ్లీ ఒప్పించి తేవడం కష్టం. 30 మంది లోపు బడికి నెలకు 3,000 అంటే పొద్దున గంట, భోజనం తర్వాత గంట పని మాత్రమే అడగగలం. ఆ మాత్రం పనికైనా డబ్బు నెలనెలా పడాలి.

ఉన్న మనిషిని బడినుంచి తీసుకుపోవడం గురించి కూడా చెప్పాలి. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర పనులకు టీచర్లను వాడకూడదని విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షన్ చెబుతోంది. ఎన్నికల పని కూడా సాధ్యమైనంతవరకు సెలవు రోజుల్లో, పాఠాలు లేని వేళల్లో చేయించాలని సుప్రీంకోర్టు 2007 డిసెంబరులోనే చెప్పింది. అయినా 2024 నవంబరులో ఇంటింటి సర్వే కోసం ప్రాథమిక పాఠశాలలు మధ్యాహ్నం ఒంటిగంటకే మూయాల్సి వచ్చింది. ఆ సర్వే అవసరాన్ని ప్రశ్నించడం లేదు. దానికి ప్రాథమిక బడి టీచరే దొరకాలా అన్నది ప్రశ్న. డిప్యుటేషన్లు, పని సర్దుబాట్లలో సగం ఫోను మీద నోటిమాటగా జరుగుతాయి. బడినుంచి ఎవరిని తీసుకెళ్లాలన్నా ఇకపై రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. అందులో ముగింపు తేదీ, ఆ రోజుల్లో ఈ బడిలో ఎవరు చెబుతారన్నది రాసి ఉండాలి. మూడు పనిదినాల్లో బదులు మనిషి రాకపోతే ఉత్తర్వు తనంతట తానే రద్దు కావాలి. పని సర్దుబాటు కూడా నిరుటి యూడైస్ లెక్కతో కాకుండా పిల్లలను చేర్పించే బడిబాట కార్యక్రమం ముగిశాక జూన్ నెలాఖరు హాజరుపట్టీ చూసి ఒక్కసారే చేయండి. చేరికలు పెంచుకున్న బడి నిరుటి సంఖ్య వల్ల టీచరును పోగొట్టుకోవడం కంటే నిరుత్సాహపరిచేది లేదు.

మేము అడగనివి కూడా స్పష్టంగా చెప్పడం మంచిది. శాశ్వత టీచర్ల నియామకం బడికి వద్దు. అది డీఎస్సీ ద్వారా, రోస్టరు ప్రకారం, రాష్ట్రమే చేయాలి. బదిలీలు కౌన్సెలింగ్‌లోనే ఉండాలి. బడికి ఆ అధికారం వస్తే మారుమూల బడికి ఒక్కరూ వెళ్లరు, ఊరి రాజకీయం టీచరు మెడకు చుట్టుకుంటుంది. ఫీజులు వసూలు చేసుకునే స్వేచ్ఛ వద్దు. దాతలను వెతుక్కోమనే స్వయంప్రతిపత్తి అంతకంటే వద్దు. పెద్ద కట్టడాలు కూడా వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు-నేడు బడి బాగుచేత పనులను తల్లిదండ్రుల కమిటీలే చేయించాయి. ఫ్యాన్లు, బల్లలు లాంటివి రాష్ట్రస్థాయిలో కొని పంపారు, ఇసుక, కూలీలు కమిటీ చూసుకుంది. ఈ విభజన మంచిది. అయితే తర్వాతి దశలో నిధులు ఆగినచోట గదులు పునాదుల మీదే నిలిచాయి. మన రాష్ట్రంలో బడుల బాగుకు పెట్టిన మన ఊరు మన బడి పనుల్లోనూ బిల్లులు రాక, సొంత డబ్బు పెట్టినవాళ్లు బడికి తాళం వేసిన వార్తలు చూశాం. డబ్బు చేతిలో లేకుండా బాధ్యత మాత్రం బడికి ఇస్తే జరిగేది ఇదే.

కమిటీల సంగతి కూడా తేల్చాలి. 1998లో ఉమ్మడి రాష్ట్రం పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి ప్రత్యేక చట్టం చేసింది. తర్వాత విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కింద యాజమాన్య కమిటీ వచ్చింది, అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, సగం మంది మహిళలు. బడి అభివృద్ధి ప్రణాళిక రాసే బాధ్యత 22వ సెక్షన్ ఆ కమిటీకే ఇచ్చింది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. వాటికి గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలు నాయకత్వం వహిస్తారు, రిపేరు పనులు, నిధులు వాటి ద్వారానే. సమాఖ్య మహిళలకు లెక్కలు రాయడం, తీర్మానం చేయడం, బ్యాంకు పని బాగా వచ్చు, అది బడికి నిజంగా ఉపయోగం. కానీ ప్రణాళిక రాసే కమిటీ ఒకటి, డబ్బున్న కమిటీ ఇంకొకటి అయితే మధ్యలో హెచ్‌ఎం రెండు రిజిస్టర్లు మోయడమే మిగులుతుంది. సమాఖ్య నుంచి ఇద్దరు మహిళలను యాజమాన్య కమిటీలోకి తీసుకుని, ఒకరికి ఖజానా బాధ్యత ఇచ్చి, ఖాతా ఒక్కటే ఉంచండి.

నమ్మి ఇచ్చిన డబ్బు దుర్వినియోగం కాకుండా ఏం చేయాలో కూడా మేమే చెబుతున్నాం. గేటు పక్కన గోడ మీద నాలుగు గళ్ల పట్టిక ఉండాలి: వచ్చింది, ఖర్చయింది, దేనికి, మిగిలింది. ప్రతి నెల మొదటి వారంలో సుద్దతో తిరగరాయాలి. ఏటా ప్రతి మండలంలో పదో వంతు బడులను లాటరీ తీసి, వేరే మండలం హెచ్‌ఎం ఒకరు, సమాఖ్య మహిళ ఒకరు వెళ్లి బిల్లును వస్తువుతో సరిచూడాలి. కాగితంతో కాగితాన్ని పోల్చే ఆడిట్ కాదు, కుళాయి తిప్పి చూసే ఆడిట్. కమిటీ సభ్యుల చేత ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకోవడం ఇప్పుడు చాలాచోట్ల ఉన్న రోగం. తీర్మానాన్ని చదివి వినిపించి, తేదీ, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాశాకే సంతకం పెట్టాలని ప్రతి తల్లికీ చెప్పే అరపూట శిక్షణ జూలైలో పెట్టండి. ఆ రోజు కూలి నష్టపోయే తల్లికి హాజరు భత్యం ఇవ్వండి. హెచ్‌ఎంలకు కూడా లెక్కలు ఎవరూ నేర్పలేదు, వాళ్లకూ ఒక రోజు కావాలి.

ఇవన్నీ ఒకేసారి చేయలేమంటే, వచ్చే జూన్ 12లోగా రెండు ఉత్తర్వులు చాలు. ఒకటి ఆర్థిక శాఖ ఇవ్వాలి: 5,000, 15,000 పర్మనెంట్ అడ్వాన్స్, మార్చి 31న వెనక్కి పోదన్న షరతుతో. రెండోది విద్యాశాఖది: ప్రసూతి సెలవు మీద వెళ్లే ప్రతి టీచరుకూ బదులు టీచరును హెచ్‌ఎం స్వయంగా నియమించుకోవచ్చని. ముందు ఇద్దరు టీచర్ల బడులతో మొదలుపెట్టండి. ఈ వేసవిలో ఎవరెవరు ప్రసూతి సెలవుకు దరఖాస్తు చేశారో ప్రతి మండల విద్యాధికారి కార్యాలయంలో ఇప్పటికే ఉంది. జాబితా తీయడానికి ఒక్క పూట పడుతుంది.

ఇట్లు,
ప్రభుత్వ, జిల్లా పరిషత్ పాఠశాలల ప్రధానోపాధ్యాయులు, యాజమాన్య కమిటీ సభ్యులు